ఆపింది అప్పలనాయుడు కాదు

కొన్నేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, ఒక్క ముక్క. అన్నప్పుడు గొంతు కూడా తడబడలేదు. బరువు ఆ తర్వాత ఎక్కింది, ఇంకా ఎక్కుతూనే ఉంది. ఇంట్లో చెప్పలేదు. ఆఫీసులో చెప్పలేదు. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా ఆరోగ్యం, అమ్మ మోకాళ్ళు, వర్షాలు అంటూ ఏవేవో అనుకుని వచ్చేసేదాన్ని తప్ప అది మాత్రం మనసులోకి రానిచ్చేదాన్ని కాదు. మీరెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసినవాళ్ళకు చెబితే మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తానేమో.

నా పేరు అక్కర్లేదు. మా నాన్న గోదావరి జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్నాడు. నేను పుట్టింది, పెరిగింది ఇక్కడే. అయినా మా ఇంట్లో మాట గోదావరి మాటే. ఎక్కడికెళ్ళినా "మీది ఈ ఊరు కాదు కదా" అంటారు. నిజమే అన్నట్టు ఒక చిరునవ్వు నవ్వేదాన్ని. ఆ నవ్వులో కొంచెం గర్వం ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

రుషికొండ మీద ఒక చిన్న ఐటీ కంపెనీలో నా ఉద్యోగం. ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళకు ఏటా వైద్య పరీక్షలు చేస్తారు కదా, ఆ పరీక్షలు చేసే సంస్థ ఒకదానికి మేం సాఫ్ట్‌వేర్ నడిపేవాళ్ళం. ఎవరి రక్తంలో ఏముంది, ఎవరికి చెవులు సరిగ్గా వినబడవు, ఎవరికి ఎప్పుడు ఏ జబ్బు చేసింది, అంతా మా దగ్గరే ఉండేది. మా దగ్గర అంటే మా గదిలో కాదు. క్లౌడ్‌లో. పెద్ద కంపెనీలు తమ యంత్రాల్లో జాగా అద్దెకిస్తాయి, మనం అక్కడ దాచుకుంటాం. మాకు అలాంటివి మూడు ఉండేవి. ఒకటి మొదట్నించీ వాడుతున్నది. రెండోది ఒక కస్టమరు పట్టుబడితే తీసుకున్నది. మూడోది మేం కొన్న ఇంకో చిన్న కంపెనీతో పాటు వచ్చింది. మూడింటికీ తాళాలు వేరు, నియమాలు వేరు, ఏదైనా తేడా వస్తే కొట్టే అలారాలు వేరు. ఒకచోట తలుపు వేసి ఉందో లేదో చూసొచ్చేసరికి ఇంకోచోట ఏం జరుగుతోందో తెలిసేది కాదు.

ఈ గందరగోళాన్ని సర్దే పని నాకిచ్చారు. మూడు క్లౌడ్లూ ఒకే తెర మీద కనిపించాలి. తేడా ఉంటే ఎరుపు, లేకపోతే ఆకుపచ్చ. చూడగానే ఎవరికైనా అర్థం కావాలి. మంచి పనే. ఇప్పటికీ మంచి పనే అంటాను. దాంట్లో తప్పు లేదు. తప్పు ఎక్కడుందో చెప్పడానికే కూర్చున్నాను, కానీ చూడండి, దాని చుట్టూ తిరుగుతున్నానే తప్ప దగ్గరికి పోలేకపోతున్నాను.

నాతో పాటు ఆ పనిలో ఉన్నది అప్పలనాయుడు. పద్మనాభం దగ్గర వాళ్ళ ఊరు. వరి పండించే కుటుంబం. రోజూ బండి మీద అంత దూరం వచ్చి వెళ్ళేవాడు. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు. పనిలో నాకేం తీసిపోయేవాడు కాదు, చదువులోనూ అంతే. ఒక్క మాట దగ్గరే తేడా. ఇంగ్లీషు నెమ్మదిగా, వెతుక్కుంటూ మాట్లాడేవాడు. తెలుగైతే వాళ్ళ ఊరి తెలుగు, గడగడా. హైదరాబాదు ఆఫీసు నుంచి వచ్చినవాళ్ళు అతను "ఏటి" అన్నప్పుడల్లా ఒకరినొకరు చూసుకునేవారు. అతనికి తెలిసేది. పట్టించుకోనట్టు ఉండేవాడు.

తెర మీద అలారాలు రోజూ చూసి, ఏది నిజమో ఏది ఉత్తదో తేల్చడం అతని డ్యూటీ. ఆ తెర నడిచే తీరు, నియమాలు రాయడం నా పని. మార్పులు చేయడానికి మా జట్టు మొత్తానికి ఒకే లాగిన్ పెట్టాను. ఎవరిది వాళ్ళకు ఉండాలని అప్పలనాయుడు మొదట్లోనే అన్నాడు. సులువు చేద్దామనే కదా ఇదంతా, మళ్ళీ ఇన్ని తాళంచెవులెందుకు అన్నాను. అందరూ నా మాటే బాగుందన్నారు.

మూడో క్లౌడ్ ఒకటి మాకు తలనొప్పి. దాన్నుంచి అలారాలు వానలా కురిసేవి. ఎక్కువ ఉత్తవే. ఫలానా ఫోల్డరు బయటివాళ్ళకు కనిపిస్తోందేమో చూడండి, ఫలానాది చూడండి అంటూ. చూస్తే ఏమీ ఉండేది కాదు. తెర మీద ఆ వైపంతా ఎప్పుడూ ఎర్రగానే ఉండేది. కంపెనీ పెద్దవాళ్ళకు ఈ తెర చూపించే రోజు దగ్గరికొచ్చింది. మా మేనేజరు నా కుర్చీ వెనక నిలబడి, ఆ ఎరుపు కేసి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. అనుంటే బాగుండేది. ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు ఒక నియమం రాశాను. మూడో క్లౌడ్ నుంచి ఆ రకం అలారాలు వస్తే తెర మీదకు రానివ్వకు, అని. రెండు లైన్లు. రాయగానే తెరంతా ఆకుపచ్చ.

చూపించడం అయిపోగానే తీసేద్దామనుకున్నాను. ఇది మీరు నమ్మాలి. నమ్మాలని ఎందుకడుగుతున్నాను? నమ్మితే మాత్రం ఏమవుతుంది?

చూపించాం. చప్పట్లు కొట్టారు. ఇంత సులువుగా ఎలా చేశావని హైదరాబాదు నుంచి ఫోను చేసి అడిగారు. సాయంత్రం తీసేద్దామనుకున్నాను. మర్నాడనుకున్నాను. మర్చిపోయానని చెప్పుకుందామని చాలాసార్లు చూశాను గానీ అది నిజం కాదు. రోజూ గుర్తుండేది. తీసేస్తే మళ్ళీ ఎర్రబడుతుంది. మెచ్చుకున్నవాళ్ళంతా ఇదేమిటని అడుగుతారు. ఏం చెప్పాలి? మీరు మెచ్చుకున్నది నేను మీ కళ్ళకు కట్టిన గంతలని చెప్పాలా? అలా వాయిదా వేసుకుంటూ పోయాను. వాయిదా అలవాటైపోయింది. ఆ ఉత్త అలారాల మధ్యలో నిజమైనది ఒకటి వస్తే ఎలా అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా లేచి కాఫీకి వెళ్ళేదాన్ని.

అప్పుడే ఒకరోజు అప్పలనాయుడు నా బల్ల దగ్గరికొచ్చాడు. పొద్దున్న వేళ. కిటికీలోంచి సముద్రం మీద ఎండ కళ్ళలో పడుతోంది. అతను కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, మూడో దాన్నుంచి ఏటీ రాట్లేదు. కొన్ని రోజుల్నుంచి సూత్తన్నాను. అదంత సప్పుడు సెయ్యకుండా ఉండదు. నువ్వేటైనా ఆపినావేటి?"

"లేదే," అన్నాను.

"ఆపలేదా?"

"లేదు నాయుడూ. మనం సర్దాం కదా, అందుకే తగ్గుంటాయి."

నవ్వాడు. "సరే అయితే. నువ్ సూసినావంటే మళ్ళీ నాను సూడక్కర్లేదు."

అంతే జరిగింది. ఇంత చిన్న మాటలు. ఎందుకు లేదన్నాను? అతను నన్ను నిలదీయలేదు, ఎవరికీ చెప్పేవాడు కాదు. అవునంటే, "అలాగేటి, తీసేద్దాం రా అక్కా" అని పక్కన కూర్చుని తనే తీసేవాడు. నాకు ఆ సంగతి అప్పుడే తెలుసు. తెలిసే లేదన్నాను. నన్ను గొప్పదానిగా చూసే మనిషి ముందు కాస్త తగ్గడం ఇష్టం లేక అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది కూడా కాదేమో. అడిగింది అతను కాబట్టి, అంత తేలిగ్గా లేదనగలిగానేమో. మేనేజరు అడిగి ఉంటే?

ఆ తర్వాత కొన్ని వారాలకు బయటపడింది. మూడో క్లౌడ్‌లో ఒక ఫోల్డరు, నేను ఆ నియమం రాశాక ఎవరో చేసిన పొరపాటు వల్ల ఎవరైనా తెరవగలిగేలా ఉండిపోయింది. అది తెరుచుకున్న రోజు నుంచీ ఆ క్లౌడ్ అరుస్తూనే ఉంది. ఆ అరుపు మా తెర దాకా రాకుండా నా రెండు లైన్లు అడ్డుపడ్డాయి. పరీక్షల రిపోర్టులు పేర్లతో సహా ఎవరో ఎత్తుకుపోయారు. ఎక్కడెక్కడ తిరిగాయో తెలియదు, చివరికి లేబర్ కాంట్రాక్టర్ల వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చాయి. ఎవరిని పన్లోకి పిలవాలో, ఎవరిని పిలవకూడదో వాళ్ళకు సులువైపోయింది.

కూర్మన్నపాలెంలో మా పక్క పోర్షన్‌లో రమణ అని ఒక వెల్డరు ఉండేవాడు. కాంట్రాక్టు పని. భార్య లక్ష్మి మా అమ్మకు చేదోడుగా ఉండేది. ఒక ఆదివారం నేను ఇంట్లో ఉండగా అమ్మ వంటగదిలోంచి అంది, "రమణకి ఎప్పుడో టీబీ అంటమ్మా. మనకి తెలీనే లేదు. లక్ష్మికి కాఫీ ఇచ్చే గ్లాసు వేరే పెట్టాను." నీకెవరు చెప్పారని అడిగాను. అందరికీ తెలుసంది, ఎవరి ఫోనులోనో వచ్చిందంది. అతనికి ఆ జబ్బు తగ్గిపోయి చాలా కాలమైంది. మందుల కోర్సు పూర్తి చేశాడు, రిపోర్టులోనూ అదే ఉంది. ఆ ముక్క ఎవరూ చదవలేదు. మేస్త్రీ, మళ్ళీ పిలిచినప్పుడు వద్దువుగాని అన్నాడు. పిలవలేదు. క్యాంటీన్‌లో రమణ పక్కన కూర్చునేవాళ్ళు లేచి వెళ్ళిపోయారని లక్ష్మి మా గుమ్మం దగ్గర నిలబడి చెప్పింది. లోపలికి రాలేదు. గ్లాసు సంగతి ఆమెకు తెలిసిపోయిందనుకుంటాను. నేను అమ్మతో గ్లాసు తీసెయ్యమని ఆ రోజు గట్టిగా అరిచాను. ఎందుకంత కోపమని అమ్మ బిత్తరపోయింది. చెప్పలేదు. కొన్నాళ్ళకు వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి ఎలమంచిలి వెళ్ళిపోయారు. ఎవరో బంధువుల దుకాణంలో పని దొరికిందట.

ఆఫీసులో విచారణ జరిగింది. పెద్ద గదిలో, వీడియోలో, హైదరాబాదు వాళ్ళూ కస్టమరు తరఫు వాళ్ళూ. నా నియమం దొరికింది. దొరకదా మరి! అయితే అది మా అందరి లాగిన్‌తో రాసింది. ఎవరు రాశారో తెలియదు. నియమాలు రాయడం నా పనే అయినా, అందరూ మెచ్చుకున్న నన్ను ఎవరూ అనుమానించలేదు. అలారాలతో రోజూ అవస్థ పడేది ఎవరు? అప్పలనాయుడు. పని తగ్గించుకోవడానికి ఆపేసి ఉంటాడని ఎవరో అన్నారు. ఎవరన్నారో కూడా గుర్తులేదు. గదిలో ఆ మాట తిరిగింది, నిజమై కూర్చుంది.

అతన్ని ఇంగ్లీషులో అడిగారు. ఇంగ్లీషులో మొదలుపెట్టి, తడబడి, తెలుగులోకి వచ్చాడు. తేడాగా ఉందని తనకు అనిపించిందని, జట్టులో అడిగానని చెప్పాడు. నా పేరు చెప్పలేదు. నా వైపు మాత్రం చూశాడు. అప్పుడు నన్నడిగారు, అతను ఈ సంగతి మీ దృష్టికి తెచ్చాడా అని.

ఏదో మామూలుగా అన్నాడు గానీ, స్పష్టంగా ఏమీ చెప్పలేదన్నాను. చక్కటి ఇంగ్లీషులో అన్నాను. ఒక్క తప్పు లేకుండా.

ఆ మొదటి "లేదు" తొందరపాటు అనుకోండి. ఇది తొందరపాటు కాదు. ఇది ఎదుటి మనిషి మాట తడబడడం చూసి, నా మాట తడబడదని తెలిసి చేసిన పని. అందరూ తలలూపారు. అప్పలనాయుడు నన్ను అలా చూస్తూ ఉండిపోయాడు. కోపం లేదు ఆ చూపులో. కోపమే ఉంటే ఇన్నాళ్ళు దాన్ని పట్టుకుని బతికేదాన్నేమో. అతను ఆలోచిస్తున్నాడు. తను నిజంగా సరిగ్గా చెప్పాడా లేదా అని ఆలోచిస్తున్నాడు. కాసేపటికి తల దించుకుని, "ఏమో. నా సెయ్యే తగిలిందేమో," అన్నాడు.

రాజీనామా చేయించారు. వెళ్ళేముందు నా బల్ల దగ్గరికొచ్చి, నీ మీదికి మాట రాకుండా ఉంటే చాలనుకున్నానక్కా అన్నాడు. తలెత్తి చూడలేకపోయాను. ఏదో టైపు చేస్తున్నట్టు కీబోర్డు మీద చేతులు ఆడించాను.

తర్వాత నాకు పెద్ద ఉద్యోగమైంది. కంపెనీ భద్రతంతా ఇప్పుడు నా కిందే. ఎవరి లాగిన్ వాళ్ళకుండాలని నియమం పెట్టాను. ఏ అలారమైనా ఆపాలంటే ఇద్దరు ఒప్పుకోవాలి, గడువు తీరగానే దానంతటది మళ్ళీ మోగాలి. ఎంత ముందుచూపో అంటారు. కాలేజీలకు పిలిచి, ఎన్ని క్లౌడ్లున్నా పని సులువు చేసుకోవడం ఎలాగో చెప్పమంటారు. చెబుతాను. చెబుతున్నంతసేపూ కాళ్ళు నిలవవు, వేదిక మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాను. ఉత్సాహమనుకుంటారు. ఇంట్లో కూర్చున్నా అంతే. ఫోను మోగినా కష్టమే, మోగకపోయినా కష్టమే. మరీ నిశ్శబ్దంగా ఉంటే ఏదో ఆగిపోయిందేమోనని లేచి చూసొస్తాను.

ఈ మధ్యే అతను కనిపించాడు. ద్వారకా బస్టాండులో, మధ్యాహ్నం ఎండలో, గోనెసంచిలో చుట్టిన ప్రింటరు పక్కన పెట్టుకుని పద్మనాభం బస్సు కోసం నిలబడి ఉన్నాడు. తనే ముందు చూసి అక్కా అని పిలిచాడు. అమ్మ ఎలా ఉందని అడిగాడు. వాళ్ళ ఊళ్ళో జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల కొట్టు పెట్టుకున్నాడట. బాగానే నడుస్తోందట. కాకపోతే ప్రతి దరఖాస్తూ మళ్ళీ మళ్ళీ చూసుకుంటాడట, జనం విసుక్కుంటారట. పడుకోబోయే ముందు గ్యాసు కట్టేశానా లేదా అని తనే చూసొచ్చి, మళ్ళీ భార్యను పంపిస్తాడట. నవ్వుతూనే చెప్పాడు. "అప్పట్నుంచీ నా సెయ్యంటే నాకే బయమక్కా," అన్నాడు.

బస్సు వచ్చిందన్నాను. నిజంగానే వచ్చింది. ప్రింటరు ఎక్కించడానికి ఒక చెయ్యి వేశాను.

ఇన్నాళ్ళూ అతని ఉద్యోగం పోగొట్టాననుకున్నాను. ఉద్యోగాలు పోతాయి, వేరేవి వస్తాయి అని సర్దిచెప్పుకునేదాన్ని. నేను తీసుకున్నది ఉద్యోగం కాదు. అందరికన్నా ముందు తేడాను పసిగట్టిన మనిషిని, తన కళ్ళనీ తన చేతుల్నీ తానే నమ్మకుండా చేశాను. దానికి సర్దిచెప్పుకోవడం ఎలాగో నాకు తెలియలేదు. ఆ బస్టాండు తర్వాత కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికన్నా పోవాలనిపించేది. బీచి రోడ్డు మీద నడిచాను. ఆఫీసులో మెట్లెక్కి దిగాను.

ఇవాళ పొద్దున్న పద్మనాభం దగ్గర వాళ్ళ ఊరికి వెళ్ళాను.

కొట్లో ఒక్కడే ఉన్నాడు. కూర్చోమన్నాడు. కూర్చోలేదు. కూర్చుంటే ఇంకేదో మాట్లాడి వచ్చేస్తానని తెలుసు. నిలబడే చెప్పాను. నియమం రాసింది నేనన్నాను. నువ్వడిగినప్పుడు లేదన్నది అబద్ధమన్నాను. విచారణలో అన్నది కూడా. మాటలు వరసగా రాలేదు. ఈసారి తడబడింది నేను.

అతను జిరాక్సు మిషను మీద పడి ఉన్న కాగితాలు తీసి అంచులు సరిచేశాడు. తర్వాత అడిగాడు.

"నాను అడగకముందే ఆపేసినావా? అడిగినాకా?"

"ముందే."

"అయితే నాను సరిగ్గానే సూసినాను."

"సరిగ్గానే చూశావు."

తన కుడిచేతిని బల్ల మీద పెట్టి కాసేపు దాన్నే చూశాడు. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. అతను తలెత్తాడు.

"ఇంక మీరెల్లండి మేడం," అన్నాడు.

వచ్చేశాను. అతను వెనక నుంచి పిలవలేదు. పిలుస్తాడని నేనూ అనుకోలేదు. ఆనందపురం జంక్షన్ దగ్గర కారు పక్కకు తీసి చాలాసేపు కూర్చున్నాను. ఏడుపు రాలేదు. విచిత్రంగా ఆకలేసింది. ఒక హోటల్లో ఇడ్లీ తిన్నాను. తింటున్నంతసేపూ ఒక్కసారి కూడా లేవాలనిపించలేదు. అలా కూర్చుని తిని ఎన్నాళ్ళయిందో.

రమణకూ లక్ష్మికీ ఇంకా చెప్పలేదు. ఎలమంచిలిలో ఆ బంధువుల దుకాణం ఎక్కడో అమ్మకు తెలుసు. ఆఫీసులో రేపు చెప్పాలి. ఇప్పుడెందుకు ఇవన్నీ అంటారేమో, ఉద్యోగం తీసేస్తారేమో, ఏమంటారో తెలియదు. చెబుతానని మీకు మాట ఇవ్వను. నా మాట విలువ ఎంతో మీకిప్పుడు తెలుసు. మీరు నన్ను క్షమించాలని కూడా అడగను. అది మీ దగ్గర లేదు. అతని దగ్గరుంది, అతను ఇవ్వలేదు, ఇవ్వక్కర్లేదు కూడా.

ఒక్కటే, చివరికి దాని చుట్టూ తిరగకుండా చెప్పగలుగుతున్నాను. అలారం ఆపింది నేను. ఆపావా అని అడిగితే లేదన్నది నేను. అప్పలనాయుడి చెయ్యి తగల్లేదు.